ముందు ఊరు, తర్వాతే మనిషి

బూర్గుల రామకృష్ణారావు గారి వంశం అసలు ఇంటిపేరు పుల్లంరాజు. పాత పాలమూరు జిల్లాలోని బూర్గుల వాళ్ళ ఊరు. జనం నోట ఆ ఊరే నిలిచింది, పుల్లంరాజు మరుగున పడింది. 1952లో ఆయన హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయినప్పుడు ఒక పల్లెటూరు కూడా ఆయనతోపాటు గద్దెనెక్కింది. ఊరిపేరు ఇంటిపేరు కావడంలో ఉన్న ఠీవి అదీ!

ఇందులోని పనితనం చూడండి. ఊరిపేరును ఉన్నదున్నట్టు తెచ్చి మనిషి ముందు పెడితే తెలుగు చెవి ఒప్పుకోదు. వేటూరు వేటూరి అవుతుంది, టంగుటూరు టంగుటూరి అవుతుంది. కొండవీడు కొండవీటి, గార్లపాడు గార్లపాటి. పల్లి, గడ్డ, సాల లాంటివి మాత్రం మారవు: దేవులపల్లి, యార్లగడ్డ, ఘంటసాల. ఇలా మారే పదాలను పండితులు ఔపవిభక్తికాలు అంటారు. ఆ మాట ఎన్నడూ వినని అవ్వ కూడా ‘కొండవీటివారి కోడలు’ అనే అంటుంది గాని పొరపాటున కూడా ‘కొండవీడువారు’ అనదు.

ఈ ఆచారం ఎప్పుడు పుట్టిందంటే పెద్దలు తలా ఒక రాజుగారి పేరు చెబుతారు. నాకు తోచేది ఒక్కటే. సొంతూళ్ళో ఉన్నంతకాలం ఎవరికీ ఊరిపేరు అక్కర్లేదు. పొలిమేర దాటి మరో చోట స్థిరపడ్డాకే ‘ఫలానా ఊరివాళ్ళు’ అవుతారు. సర్వేపల్లి నెల్లూరు సీమలో ఉంది, రాధాకృష్ణన్ గారు 1888లో పుట్టింది తిరుత్తణిలో. ఘంటసాల ఊరు కృష్ణా జిల్లాలోది, గాయకుడు ఘంటసాల పుట్టింది గుడివాడ దగ్గరి చౌటపల్లిలో. ఇంగ్లండులోనూ ఇంతే. డర్హమ్ సీమలోని వాషింగ్టన్ అనే ఊరు ఒక వంశానికి పేరైంది, ఆ వంశంవాడి పేరు అమెరికా రాజధానికి దక్కింది.

మనవాళ్ళ ఘనత ఇంకా పెద్దది. తాడిపత్రి రాఘవాచార్యులు నాటకరంగం మీద విజృంభించాక జనం ఆయన ఇంటిపేరే మార్చేసి బళ్ళారి రాఘవను చేశారు. గార్లపాటి రామలింగడు తెనాలి రామలింగడయ్యాడు. ఇక ఘంటసాల అంటే చాలు, వెంకటేశ్వరరావు అని కలపక్కర్లేదు, ఊరే గొంతైపోయింది! కడప జిల్లా ఊళ్ళ పేర్లను పరిశోధించిన కేతు విశ్వనాథరెడ్డి గారికీ, నాగార్జున విశ్వవిద్యాలయంలో నామవిజ్ఞానానికి పెద్దపీట వేసిన యార్లగడ్డ బాలగంగాధరరావు గారికీ చేతులెత్తి మొక్కాలి. యార్లగడ్డ కూడా చల్లపల్లి దగ్గరి ఊరే కావడం ఎంత ముచ్చట!

మా బోయిగూడ సంగతి చెప్పకపోతే ఎలా? పల్లకీలు మోసిన బోయీల గూడెం కాబట్టి ఆ పేరొచ్చిందంటారు. సికింద్రాబాద్ స్టేషనుకు ఒక గుమ్మం ఇటువైపే ఉంది. రైలు దిగి, బతుకుతెరువు వెతుక్కుని, ఈ చుట్టుపక్కలే ఉండిపోయినవాళ్ళ తలుపుల మీది పలకలు చదువుతూ నడిస్తే రెండు రాష్ట్రాల పల్లెలూ పలకరిస్తాయి. ఒక ఊరి నుంచి కదిలిన వేర్వేరు కులాలవాళ్ళకు ఒకే ఇంటిపేరు ఉండటమూ చూస్తాం. ఊరిపేరు కులం అడగదు. నాకు దాని మీద ఇంత మమకారం అందుకే.

ఇప్పుడేం జరుగుతోంది? ఊరిపేరు మోటుగా ఉందని కత్తిరించి పొడి అక్షరం చేస్తున్నారు. దాన్నీ వదిలించుకుని, పేరు చివర కులం తోక తగిలిస్తున్నారు. ఊరు పోయి కులం మిగలడం నాగరికతా? సంఖ్యాశాస్త్రం పేరుతో ఇంగ్లీషు అక్షరాలు అదనంగా దూర్చేవాళ్ళు మరికొందరు. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి పాస్‌పోర్టు తీసుకున్నవాళ్ళకు అమెరికా వీసా మీద సొంత పేరే ఇంటిపేరు గడిలోకి జరిగి, మొదటి పేరు చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దాని అర్థం! తాతముత్తాతల ఊరిని పేరులోనే మోసుకు తిరిగిన జాతికి ఇదా గతి? ఇంటిపేరును వెనక్కి నెట్టి, ‘పాశ్చాత్యుల వరస’ అని మురిసిపోవడం నాకు మింగుడుపడదు. తెలుగు వరసలో ఇల్లు ముందు. ఇందులో నేను రాజీపడను.

అయ్యా, అమ్మా, పెళ్ళిపత్రిక మీదా, గుమ్మం పలక మీదా, బడి రిజిస్టరులోనూ ఇంటిపేరు పూర్తిగా రాయండి. ఆ ఊరు ఏ మండలంలో ఉందో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి పిల్లలకు చెప్పండి. కంప్యూటరులో గడి చాలకపోతే గడిని పెంచమని నిలదీయాలి గాని, ఊరిని నరుక్కుంటామా?