అరకు ఘాట్‌లో ఒక మేస్త్రీ చెవి

ఇంజిను కీచుమంటే చాలా షెడ్లలో మొదట చేసే పని బెల్టు మార్చడం. అరకు లోయకు కాస్త ఇవతల, సుంకరమెట్ట దగ్గర రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్న ఒక మేస్త్రీ ఆ పనిని ఆఖరికి అట్టేపెడతాడు. డిసెంబరులో ఒక సర్వీసు జీపు రోగాన్ని ఆయన పట్టుకున్న తీరు పక్కన నిలబడి చూశాను. పానా చేత పట్టడానికి ముందే ఆయన చేసిన పని ఎంత ఉందో చెప్పాలని ఈ వ్యాసం.

హుకుంపేట, పాడేరు వైపు మనుషుల్నీ, మిరియాల బస్తాల్నీ మోసే డీజిల్ బండి అది. పొద్దున్న స్టార్టు చేయగానే కీచుమంటుంది, కాసేపు నడిచాక తగ్గుతుంది. డ్రైవరు అప్పటికే కొత్త బెల్టు వేయించాడు. నాలుగు రోజులు బాగుండి మళ్ళీ మొదలైంది. ఎవరో చెబితే సబ్బు ముక్క కూడా రాశాడు. మేస్త్రీ ఆ బెల్టును వేలితో తడిమి, ఆ జిగురంతా ముందు గుడ్డతో తుడిపించాడు. సబ్బుకీ, డబ్బాలో వచ్చే బెల్టు స్ప్రేకీ ఆయన షెడ్డులో చోటు లేదు. చప్పుడు రెండు రోజులు ఆగుతుంది, ఆ జిడ్డుకు మాత్రం ఘాట్ రోడ్డు దుమ్మంతా పట్టుకుంటుంది.

ఈ దుమ్ము మామూలుది కాదు. తూర్పు కనుమల్లో విస్తారంగా కనిపించే రాయి ఖోండలైట్. ఇక్కడి కోందు గిరిజనుల పేరు మీదే భూగర్భ శాస్త్రజ్ఞులు దానికి ఆ పేరు పెట్టారు. అందులో క్వార్ట్జ్‌తో పాటు గార్నెట్ ఉంటుంది. ఉప్పుకాగితం తయారీలో వాడే ఖనిజమే గార్నెట్. ఆ రాయి చివికి ఎర్రమట్టి అయి, ఆ మట్టి దుమ్మై బెల్టు గాడుల్లో చేరితే రబ్బరు ఎన్నాళ్ళుంటుంది?

బెల్టు చప్పుడును మైదానంలో వాళ్ళు చిరాకుగా తీసుకుంటారు, ఘాట్‌లో అలా తీసుకోవడానికి లేదు. చాలా డీజిల్ బండ్లలో బ్రేకు బూస్టరుకు బలమిచ్చే వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వీపునే ఉంటుంది. ఆ ఆల్టర్నేటర్‌ను తిప్పేది బెల్టే. అనంతగిరి నుంచి డముకు, టైడా మీదుగా శృంగవరపుకోటకు దిగే వంపుల్లో బెల్టు తెగితే ఛార్జింగుతో పోదు. రెండు మూడు సార్లు తొక్కేసరికి మిగిలిన వాక్యూమ్ కూడా అయిపోయి బ్రేకు పెడలు గట్టిపడుతుంది. నిండు జీపును అప్పుడు కాలి బలంతోనే ఆపాలి. అదే బెల్టు వాటర్ పంపును కూడా తిప్పే బండి అయితే, ఎక్కేటప్పుడు తెగినా కాసేపట్లోనే ఇంజిను కాగిపోతుంది. మేస్త్రీ ఆ చిన్న కీచుకు అంత సమయం ఇవ్వడం ఇందుకే.

బండిని ముందురోజు రాత్రే తెచ్చి వదిలేయమన్నాడు. వేడి ఇంజిను సగం నిజమే చెబుతుందని ఆయన లెక్క. పొద్దున్న బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూసి, మెడలో తుండు తీసి పక్కన పడేసి, మొదటి ప్రశ్న వేశాడు: "ఈ సౌండు రాకముందు ఏటి విప్పించినావు తమ్ముడూ?" వానలకు ముందు ఛార్జింగు రిపేరుకని కింద ఎక్కడో ఆల్టర్నేటర్ దింపించానని డ్రైవరు చెప్పాడు. మేస్త్రీ తల ఊపాడు, అంతే. ఆ ఒక్క మాటతో తీర్పు చెప్పేయకపోవడం నాకు చాలా నచ్చింది.

స్టార్టు చేయించి కదలకుండా విన్నాడు. సాగదీసిన కూత కాదది. కిచ్, కిచ్ అని విడివిడిగా, యాక్సిలరేటర్ తొక్కితే అదే వరసలో వేగం పెంచుకునే చప్పుడు. రబ్బరు పుల్లీని పట్టి, జారి, మళ్ళీ పట్టే కదలిక సెకనుకు వందల సార్లు జరిగితే మన చెవికి స్వరంగా వినిపిస్తుంది. వయొలిన్ కమాను తీగ మీద చేసేదీ ఇదే. ద్వారం వెంకటస్వామి నాయుడు ఈ కొండల కింద విజయనగరం సంగీత కళాశాలలో దశాబ్దాల పాటు నేర్పిన వాద్యానికీ ఈ జీపు కూతకూ భౌతికసూత్రం ఒక్కటే. అక్కడ ఆ పట్టు, ఆ జారుడు వాయించేవాడి చేతిలో ఉంటాయి. ఇక్కడ అవి ఎవరి అదుపు తప్పాయో కనిపెట్టాలి.

హెడ్‌లైట్లు వేయించాడు. ఆల్టర్నేటర్ మీద బరువు పెరిగినా చప్పుడు పెరగలేదు. అంటే బెల్టు వదులై జారడం లేదు. చిన్న సీసాతో బెల్టు గాడుల వైపు కాసిని నీళ్ళు చిలకరించాడు. చప్పుడు టక్కున ఆగింది, కొద్ది క్షణాలకే తిరిగొచ్చింది. నీళ్ళు పడగానే కూత పెరిగితే వదులు, ఆగి మళ్ళీ వస్తే పుల్లీలు వరసలో లేనట్టు. బేరింగు అరుపైతే నీళ్ళను అసలు లెక్కచేయదు. అయినా ఇంజిను ఆపించి, బెల్టు వదులు చేసి, ప్రతి పుల్లీనీ చేత్తో తిప్పి చూశాడు. గరగర లేదు, ఆట లేదు. వాటర్ పంపు కింది చిన్న రంధ్రం దగ్గర కూలెంటు మరక ఉందేమో వేలు పెట్టి చూసుకున్నాడు. వాక్యూమ్ పంపు ఆయిలు పైపు దగ్గర చెమ్మ కోసం కూడా వెతికాడు. ఒక్కొక్క అనుమానాన్నీ ఇలా విడిగా పిలిచి, విని, పంపించేయడమే ఆయన పనితనం. ఒక పరీక్ష జవాబు తేలేదాకా రెండోదానికి పోడు.

ఆఖరున ఇనుప స్కేలు తీశాడు. క్రాంకు పుల్లీ ముఖానికి ఆనించి పైకి చూపితే, ఆల్టర్నేటర్ పుల్లీ ముందుకు పొడుచుకొచ్చి ఉంది. ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటుందేమో. కింద బిగించినవాళ్ళు బ్రాకెట్‌కు వెనకవైపు ఉండాల్సిన వాషరును ముందువైపు వేశారు. కొత్త బెల్టు కూడా ప్రతి తిప్పుకూ పక్కకు ఒరుసుకుంటూ గాడిలో కూర్చుంటోంది. ఆ తప్పు పొద్దున్న చల్లటి ఇంజినులోనే గట్టిగా బయటపడుతోంది.

పని పది నిమిషాలకు మించలేదు. వాషరు వెనక్కి మార్చి, స్కేలు మళ్ళీ ఆనించి, పుల్లీ గాడుల్లోని ఎర్రదుమ్మును బ్రష్షుతో రాల్చి, అదే బెల్టును వేశాడు. పొడుగు వైపున బొటనవేలితో నొక్కి బిగువు చూసి బోల్టు బిగించాడు. స్టార్టు చేస్తే కొత్త సామాను ఒక్కటీ లేకుండానే కూత పోయింది. లైట్లు వేయించి, నీళ్ళు చల్లి మొదటి పరీక్షలన్నీ తిరిగి చేశాడు, బాగైందని చెవి ఒప్పుకున్న తర్వాత కూడా.

డ్రైవరు డబ్బులిస్తుంటే మేస్త్రీ రెండు మాటలు చెప్పాడు. బెల్టు ఇంకా కొంచెం సాగుతుంది, ఒకసారి ఘాట్ దిగి ఎక్కొచ్చాక బిగువు చూపించుకుని పో. రెండోది, "పాత బెల్టు పారేసినావేటి?" ఇంట్లోనే ఉందన్నాడు డ్రైవరు. దాని తప్పేం లేదు, సీటు కింద పెట్టుకుంటే దారిలో ఎప్పుడైనా పనికొస్తుందని చెప్పి, స్కేలు తుడిచి గోడకున్న మేకుకు తగిలించాడు.