కాస్త వాల్చి చూడాల్సిన బొమ్మలు

జపాన్ సంప్రదాయ నాటకమైన నోలో ప్రధాన పాత్రధారి చాలాసార్లు హినోకి చెక్కతో చెక్కిన ముసుగు పెట్టుకుంటాడు. కొయ్య ముఖం కదా, కవళికలు మారవు. అయినా తల రవ్వంత ఎత్తితే ఆ ముఖం వెలుగుతుంది, దించితే దిగులు కమ్ముతుంది. మొదటిది తెరాసు, అంటే వెలిగించడం. రెండోది కుమొరాసు, అంటే మబ్బు పట్టించడం. ఇంత సున్నితమైన కళను చెక్క అచ్చుతో కాగితం మీదికి తెచ్చినవాడు త్సుకియోకా కోగ్యో (1869–1927). పేరుమోసిన అచ్చు చిత్రకారుడు యోషితోషి ఆయనకు మారుతండ్రి, గురువు కూడా.

జపాన్ చెక్క అచ్చు చిత్రాల్లో కబుకి నటులు కొల్లలుగా కనిపిస్తారు. నో అరుదు. కబుకి బస్తీ జనం వినోదం, నో సమురాయ్ కొలువుల కళ. 1868లో సైనిక పాలకులైన షోగునుల పాలన కూలడంతో నోకు పోషణ ఆగింది. వేషాలూ ముసుగులూ అమ్ముకుని బతికిన నటులున్నారు. ఉమెవకా మినోరు లాంటి కొందరు నటుల పట్టుదల వల్లే నో నిలిచింది. అలా నిలిచిన కళకు కోగ్యో బొమ్మ కట్టాడు. 1897–1902 మధ్య వచ్చిన 'నోగకు జుయె' వరుసలోనే 261 చిత్రాలు!

గీసేది కోగ్యో, చెక్కేది ఒకరు, అద్దేది మరొకరు. పల్చని కాగితం మీది బొమ్మను చెర్రీ పలకపై బోర్లా అంటించి, గీతను మిగిల్చి చుట్టూ తొలుస్తారు. రంగు మారితే పలక మారుతుంది. పలక అంచున కెంతో అనే గాడి ఉంటుంది. కాగితం ప్రతిసారీ అందులోనే ఆనాలి, లేదంటే రంగు గీత దాటిపోతుంది. తర్వాత వెదురు పొర చుట్టిన గుండ్రటి బారెన్‌తో కాగితం వెనక రుద్దుతారు.

కోగ్యో చాలా బొమ్మల్లో నటుడి వెనక ఏమీ ఉండదు, పొగలాంటి పల్చని రంగు తప్ప. నో వేదికా అంతే. వెనక పలకల మీద ఒక పైన్ చెట్టు, మిగతాదంతా చూసేవాళ్ల ఊహకే. ఉదాహరణకు, మన ఋష్యశృంగుడి కథ బౌద్ధ గ్రంథాల వెంట జపాన్ చేరి 'ఇక్కకు సెన్నిన్' అనే నో నాటకమైంది. ముని వాన కురిపించే నాగదేవతలను గుహలో బంధిస్తాడు. వేదిక మీద ఆ గుహ, చట్రానికి గుడ్డ చుట్టిన చిన్న కట్టడం, అంతే.

కోగ్యో నిజాయితీ ముసుగు అంచు దగ్గర తెలుస్తుంది. నో ముసుగు ముఖం కన్నా చిన్నది. దేవకన్య ముసుగు పెదవుల కింద మగవాడి గడ్డం బయటికి కనిపిస్తుంది. కోగ్యో దాన్ని దాచలేదు.

నాకు అన్నిటికన్నా ఇష్టం కరాజురి అనే అచ్చు పద్ధతి. అందులో పలకకు రంగే పూయరు. గట్టిగా రుద్దితే నేత డిజైను తెల్ల కాగితంలోనే ఉబ్బి నిలుస్తుంది. పుస్తకంలో వేసిన ఫొటోలో అది సరిగా కనిపించదు. అసలు బొమ్మను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కాస్త వాల్చాలి. అంతవరకు ఉత్త తెలుపుగా ఉన్న అంగరఖా మీద వెలుగు ఏటవాలుగా పడి, దారం దారంగా నేత పైకి తేలుతుంది.