పచ్చికను పడుకోనివ్వండి

జులై సగానికి వచ్చేసరికి న్యూజెర్సీలోని ఐసెలిన్‌లో ఇళ్ల ముందు రంగు మారుతుంది. ఓక్ ట్రీ రోడ్డు దాటి పక్క వీధుల్లోకి తిరిగితే పచ్చగా మిగిలిన లాన్లు కొన్నే, గోధుమరంగుకు దిగినవి ఎక్కువ. అలా దిగిన లాన్ ఉన్న తెలుగింట్లో ఆ వారం రెండు పనులు జరుగుతాయి. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే స్ప్రింక్లర్ తిప్పుతారు. శనివారం వెళ్ళి ఎరువు బస్తా తెస్తారు. రెండూ ఇంటి మీద ప్రేమతో చేసేవే. ఆ గడ్డికి ఆ నెలలో రెండూ చేటు చేసేవే.

కారణం గడ్డి జాతిలో ఉంది. మనం పుట్టి పెరిగిన చోట గడ్డి అంటే గరిక. ఎండ ఎంత ముదిరితే అంత ఉత్సాహంగా పాకుతుంది, కాస్త తడి తగిలితే చాలు. పైగా మన ఊళ్లలో ఇంటి ముందు గడ్డి మొలిస్తే పీకేవాళ్ళే కాని పెంచేవాళ్ళు లేరు. వాకిలి అంటే ఊడ్చి కళ్ళాపి చల్లిన నేల. న్యూజెర్సీ లాన్లలో ఉండేవి కెంటకీ బ్లూగ్రాస్, టాల్ ఫెస్క్యూ, పెరెన్నియల్ రైగ్రాస్. మూడూ చల్లదనాన్ని కోరేవి. 60 నుంచి 75 డిగ్రీల ఫారెన్‌హీట్ వాటికి హాయి. 90 దాటిన రోజులు వరసగా వస్తే సంపాదన కన్నా ఖర్చు ఎక్కువై, ఆకును ఎండనిచ్చి మొదలును మాత్రం కాపాడుకుంటాయి. ముఖ్యంగా బ్లూగ్రాస్ ఈ నిద్రలో దిట్ట. చచ్చినట్టు కనిపిస్తుంది, చావదు. వాన బొత్తిగా లేకపోతే రెండు మూడు వారాలకోసారి అర అంగుళం నీళ్ళిస్తే మొదలు బతికే ఉండి సెప్టెంబరులో లేస్తుంది.

ఆ నిద్ర చెడగొట్టి నత్రజని పోస్తే ఏమవుతుంది? వేరు కుంగిపోయిన వేళ ఆకు బలవంతంగా పెరుగుతుంది. సాయంత్రం పోసిన నీళ్ళు ఆకుల మీద రాత్రంతా నిలుస్తాయి. వేడి, ఉక్క, తడి మూడూ కలిస్తే బ్రౌన్ ప్యాచ్ అనే బూజు తెగులు గుండ్రటి మచ్చలుగా విస్తరిస్తుంది. సందె వేళ మొక్కలకు నీళ్ళు పోయడం మనకు చిన్ననాటి అలవాటే. ఈ లాన్‌కు మాత్రం పెట్టదలిస్తే తెల్లవారుజామునే పెట్టాలి.

జులై తడికి ఆకర్షితమయ్యే జీవి ఇంకొకటి ఉంది. 1916లో, ఇదే న్యూజెర్సీలో, డెలావేర్ నది ఒడ్డున ఉన్న రివర్టన్ దగ్గర ఒక నర్సరీలో జపనీస్ బీటిల్ అమెరికాలో మొదటిసారి కనిపించింది. ఆకుపచ్చ తల, రాగిరంగు రెక్కలు. గులాబీ, ద్రాక్ష, చివరికి బెండ ఆకును కూడా ఈనెలు మిగిల్చి తినేస్తుంది. ఆడపురుగు గుడ్లు పెట్టడానికి తడి నేలను వెతుక్కుంటుంది. చుట్టుపక్కల లాన్లన్నీ ఎండి, మనదొక్కటే పచ్చగా ఉంటే దానికి చిరునామా ఇచ్చినట్టే. ఆ గుడ్లలోంచి వచ్చిన తెల్లటి పిల్లపురుగులు ఆగస్టు, సెప్టెంబరుల్లో వేళ్ళు కొరికేస్తే పట్టి లాగగానే గడ్డి చాపలా చుట్టుకొస్తుంది.

ఈ పురుగుకు ఒక విరుగుడు కూడా ఈ నేలలోనే దొరకడం విశేషం. 1930ల్లో న్యూజెర్సీ మట్టిలో పాలరంగుకు తిరిగి చచ్చిన పిల్లపురుగులు కనిపించాయి. వాటిని చంపింది ఒక బ్యాక్టీరియా. మిల్కీ స్పోర్ పేరుతో అది 1948లో అమెరికాలో నమోదైన తొలి సూక్ష్మజీవి పురుగుమందు అయింది. అది నిదానం, నేల నేలకూ ఫలితం మారుతుంది. ఆగస్టు చివర తడి నేల మీద చల్లే మేలుచేసే నులిపురుగులు ఇంతకన్నా త్వరగా పనిచేస్తాయి. పెద్ద పురుగుల్ని ఉదయాన్నే, అవి ఇంకా మందకొడిగా ఉన్నప్పుడు, సబ్బునీళ్ళ డబ్బాలోకి దులిపేయడం అన్నిటికన్నా చౌక. దుకాణాల్లో వేలాడే వాసన ఉచ్చులు మాత్రం కొనకండి. అవి పట్టేవాటికన్నా పిలిచేవి ఎక్కువ.

ఎరువు సంగతిలో రాష్ట్రమే ఒక గీత గీసింది. సముద్రతీరంలోని బార్నెగట్ బే నీళ్ళు ఎరువులతో పాడవుతున్నాయన్న ఆందోళన మధ్య 2011 జనవరిలో వచ్చిన న్యూజెర్సీ ఎరువుల చట్టం దేశంలోని కఠినమైన చట్టాల్లో ఒకటి. మట్టి పరీక్షలో లోటు తేలితే తప్ప, కొత్తగా లాన్ వేస్తే తప్ప ఫాస్ఫరస్ ఎరువు వేయకూడదు. నత్రజనిలో కనీసం 20 శాతం నెమ్మదిగా విడుదలయ్యేదై ఉండాలి. ఇంటివాళ్ళు నవంబరు 15 నుంచి మార్చి 1 దాకా ఎరువు చల్లకూడదు. వేసవిలో మనం పిల్లలతో వెళ్ళే సీసైడ్ హైట్స్ ఆ బార్నెగట్ బే పక్కనే ఉంది. ఇక ఐసెలిన్ లాన్ మీద పడ్డ ఎరువు వానకు కొట్టుకుపోతే మెరిల్ పార్క్ పక్కన పారే రావే నది దక్షిణ పాయలోకి చేరవచ్చు. పశువుల ఎరువు సహజమే కదా అని ఏటా మందంగా పరిచినా ఫాస్ఫరస్ పేరుకుపోతుంది. సేంద్రియం అన్నంత మాత్రాన కొలత లేకుండా పోదు.

అందుకే బస్తా కన్నా ముందు మట్టి. ఐసెలిన్ ఉన్న వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్ ఒకప్పుడు బంకమట్టికి, ఇటుకలకు పేరు పడ్డ చోటు. భూగర్భ శాస్త్రవేత్తలు ఇక్కడి ఒక మట్టి పొరకు వుడ్‌బ్రిడ్జ్ పేరే పెట్టారు. ఆ నేల మీద ఇళ్ళు కట్టేటప్పుడు యంత్రాలు తిరిగితే మట్టి మరింత గట్టిపడుతుంది. గాలి ఆడని చోట ఏ ఎరువు వేసినా వేరుకు అందేది తక్కువ. ఐసెలిన్‌లోని మెట్రోపార్క్‌లో రైలెక్కితే మూడో స్టేషన్ న్యూ బ్రన్స్విక్. అక్కడి రట్గర్స్ విశ్వవిద్యాలయంలో మట్టి పరీక్ష ప్రయోగశాల ఉంది. సున్నం ఎంత వేయాలో, అసలు వేయాలో వద్దో వాళ్ళ నివేదిక చెబుతుంది. మట్టిలోని జీవాన్ని ఎంత గౌరవించాలో కూడా ఆ విశ్వవిద్యాలయం చరిత్రే చెబుతుంది. 1943లో స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ బయటపడింది అక్కడి మట్టి సూక్ష్మజీవుల పరిశోధనలోనే. మన తెలుగు శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ మందుల సంస్థలో ఆరియోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్ దొరికిందీ గుప్పెడు మిస్సోరీ మట్టిలోనే.

లాన్‌లో తెల్ల క్లోవర్ కనబడితే కలుపు అని కంగారుపడేవాళ్ళు ఒక మాట తెలుసుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధం ముందు దాకా క్లోవర్‌ను లాన్ విత్తనంలో కావాలనే కలిపేవారు. యుద్ధం తర్వాత 2,4-డి అనే కలుపుమందు వచ్చింది. వెడల్పాకు మొక్కలన్నిటినీ చంపే ఆ మందు క్లోవర్‌ను కూడా చంపింది, దాంతో క్లోవర్ కలుపు జాబితాలో చేరింది. గాలిలోని నత్రజనిని నేలకు ఇచ్చే మొక్క అది. వరి ముందు జీలుగో జనుమో పిల్లిపెసరో చల్లి కలియదున్నే రైతుల పిల్లలకు ఇంతకుమించి చెప్పక్కర్లేదు.

కలుపుమందులో ఇంకో చిక్కు ఉంది. లాన్ చివర మడిలో గోంగూర, టమాటా, దొండపాదు పెంచని తెలుగిల్లు ఇక్కడ అరుదు. అవన్నీ వెడల్పాకువే. గాలికి కాస్త కొట్టుకొచ్చినా టమాటా ఆకు మెలితిరిగిపోతుంది. మందు కొట్టిన లాన్ గడ్డి కోతల్ని ఆ మడిలో పరవకూడదు.

గడ్డి పోతే మళ్ళీ చల్లుకోవచ్చు. నలభై ఏళ్ళ ఓక్ చెట్టు పోతే ఆ ఇంట్లో ఉన్నవాళ్ళ జీవితకాలంలో ఆ నీడ తిరిగి రాదు. అయినా మన శ్రద్ధలో ఎక్కువ వాటా గడ్డికే పోతోంది. 2024 అక్టోబరు న్యూజెర్సీలో రికార్డుల్లోకెల్లా అత్యంత పొడి అక్టోబరు. నవంబరు 13న రాష్ట్రమంతటా కరువు హెచ్చరిక జారీ అయింది. అలాంటప్పుడు ఉన్న కాసిని నీళ్ళు నాటి మూడేళ్ళు నిండని చెట్లకు దక్కాలి. గొట్టాన్ని సన్నగా వదిలి, మొదలు చుట్టూ నేల లోపలిదాకా తడిసేలా, వారానికోసారి.

న్యూజెర్సీ రాష్ట్ర వృక్షం రెడ్ ఓక్. దాన్ని, పిన్ ఓక్‌ను బ్యాక్టీరియల్ లీఫ్ స్కార్చ్ అనే తెగులు పట్టి పీడిస్తోంది. వేసవి చివర ఆకు అంచులు మాడినట్టవుతాయి. నీళ్ళు చాలలేదేమో అనిపిస్తుంది, నిజానికి చెట్టు లోపల నీరు మోసే నాళాల్లోనే బ్యాక్టీరియా చేరి ఉంటుంది. మందు లేదు. చెట్టును వేరే కష్టాలకు గురిచేయకపోవడమే దాని ఆయుష్షు పెంచే దారి.

ఆ కష్టాల్లో చాలావాటిని మనమే డబ్బిచ్చి చేయిస్తున్నాం. ఏటా వసంతంలో ల్యాండ్‌స్కేపర్లు చెట్టు మొదలు చుట్టూ మల్చ్ అనే చెక్క తురుమును పుట్టలా ఎత్తి పోసి వెళ్తారు. చూడడానికి శుభ్రంగా ఉంటుంది. లోపల బెరడు ఎప్పుడూ తడిగా ఉండి కుళ్ళుతుంది. కొత్త వేళ్ళు ఆ మల్చ్‌లోకి పాకి, కాండం చుట్టూ తిరిగి, ఏళ్ళు గడిచేకొద్దీ దాన్నే బిగిస్తాయి. కాండం నేలలోకి దిగే చోట వెడల్పవుతుంది. ఆ వెడల్పు కంటికి కనిపించాలి. మల్చ్ రెండు మూడు అంగుళాల మందం చాలు, కాండానికి జానెడు దూరంలో, వీలైనంత విశాలంగా. ఈ ఏడాది వాళ్ళు వచ్చినప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు పక్కన నిలబడి ఈ మాట చెప్పాలి. కొమ్మలు కొట్టించాల్సి వస్తే లైసెన్సు చూపమనండి. చెట్ల పని చేసేవాళ్ళకు న్యూజెర్సీలో 2010లో వచ్చిన చట్టం ప్రకారం అది ఉండాలి.

లాన్‌కు అదను ఆగస్టు చివరి వారం నుంచి సెప్టెంబరు నెలాఖరు దాకా. నేలకు రంధ్రాలు వేయించి, పావు అంగుళం చివికిన కంపోస్టు పరిచి, పలచబడ్డ చోట విత్తనం చల్లాలి. రట్గర్స్‌లో రీడ్ ఫంక్ అనే శాస్త్రవేత్త న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో తొక్కుడుకు తట్టుకుని నిలిచిన మొక్కల నుంచి 1967లో మాన్‌హటన్ అనే రైగ్రాస్ తీశారు. ఆకు తినే పురుగుల్ని దూరం పెట్టే ఎండోఫైట్ శిలీంధ్రమున్న రకాలపైనా అక్కడ ఎంతో పని జరిగింది. ఎండోఫైట్ అని రాసి ఉన్న సంచీ తీసుకుంటే అలాంటి పురుగుల మందు ఖర్చు కొంత తగ్గుతుంది. కోత ఎత్తు మూడు అంగుళాలకు తగ్గనీయొద్దు. అక్టోబరులో రాలిన ఆకుల్ని రోడ్డు పక్కకు ఊడ్చే ముందు మోవర్‌ను వాటి మీదుగానే రెండుసార్లు నడిపితే సగం లాన్‌లోనే కలిసిపోతాయి. మిగిలినవాటిని గోంగూర మడి మీద ఆరు అంగుళాలు పరిచేస్తే మే నెలలో విత్తే నాటికి మట్టి చేతికి మెత్తగా తగులుతుంది.