చుక్క లోపలికి పోయేదెట్లా

సీడు పత్తి పనంటే ముఖం చెట్టులో పెట్టి చేసే పని. సాయంత్రం మొగ్గలు గిల్లాలి, పొద్దున పుప్పొడి అంటించాలి. మా గట్టు మండలం చేలల్లో ఇలా వంగిన కంటికి ఆకో కొమ్మో గీరుకోవడం మామూలే. మా చిన్నమ్మకూ గీరుకుంది. "నలుసేలే, అదే పోతది" అంది. వారం తిరక్కుండానే నల్లగుడ్డు మీద తెల్లమచ్చ. ఫంగస్ పుండన్నారు డాక్టరు. నాటామైసిన్ చుక్కలు రాశారు.

ఆ మందు నీళ్లలో కరగదు. పొడి అడుగున పేరుకుంటుంది, ఊపితే సున్నపు నీళ్లలా తెల్లబడుతుంది. మొదట్లో గంటకోసారి, రాత్రిళ్లు కూడా వేయాలి. చుక్క పడగానే ఆమె కన్ను చిట్లించేది. సగం మందు చెంప మీద తెల్లగా ఎండిపోయేది.

తప్పు ఆమెది కాదు, కంటి తత్వమే అంత. కంట్లో మామూలుగా ఉండే కన్నీరు 7 మైక్రోలీటర్లు. మనం వేసే చుక్క 30 నుంచి 50. పట్టనిది చెంపకు కారుతుంది, మరికొంత ముక్కులోకి దిగుతుంది. చుక్కలు వేసుకుంటే గొంతు చేదెక్కేది అందుకే. కంటి లోపలికి చేరేది నూటికి 5 పాళ్లు కూడా ఉండదు. పైగా నల్లగుడ్డు మీది కార్నియా పైపొర నూనెలో కరిగేవాటిని రానిస్తుంది, కింది మందపాటి పొర నీళ్లలో కరిగేవాటిని. పెద్ద అణువైన నాటామైసిన్ పైపై పుండును మాన్పుతుంది గానీ లోతుకు దిగిన పుండును అందుకోలేదు.

మా చిన్నమ్మది ఒంటరి కథేం కాదు. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి డాక్టర్లు పదేళ్లలో తమ దగ్గరికొచ్చిన 1,352 మంది ఫంగస్ రోగుల వివరాలు 2002లో ప్రచురించారు. సగానికి మించి కంటికి దెబ్బ తగిలినవాళ్లే.

చుక్క కంట్లో నిలవదు, లోతుకు దిగదు. నానో వైద్యం పట్టుకున్నది ఈ చిక్కునే. వెంట్రుక మందంలో ఇంచుమించు వెయ్యో వంతుండే కొవ్వు బుడగల్లో మందు నింపుతారు. కొన్నిటికి రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్ పూస్తారు. దానిది ధనావేశం, కన్నీటి జిగటది ఋణావేశం. రెండూ అతుక్కుని మందు కంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. నీళ్లలో కరగని సైక్లోస్పోరిన్‌ను నానో మిసెల్స్ అనే సూక్ష్మ గోళాల్లో పొదిగిన సన్ ఫార్మా వారి సెక్వాకు 2018లో అమెరికా అనుమతి దొరికింది. అది పొడి కళ్ల మందు. నాటామైసిన్‌కు పెప్టైడ్ అనే చిన్న ప్రోటీన్ ముక్కను తగిలించి లోతుకు పంపే ప్రయత్నం ఢిల్లీ ఐఐటీలో జరిగింది.

శాస్త్రవేత్తలు ఎంత చిన్నదో చెప్పి మురుస్తారు. నాకు మాత్రం ఎంతసేపు నిలుస్తుందన్నదే ముఖ్యం. కూలికి పోయే మనిషి గంటకోసారి సీసా తీయగలదా? రాత్రి లేచి వేసే మనిషి ప్రతి ఇంట్లో ఉంటారా? ఫంగస్ పుండుకు రోజుకు రెండుసార్లతో సరిపోయే చుక్క, అదీ కూలి డబ్బులకు దొరికే చుక్క వస్తేనే ఈ విద్య గట్టుకు చేరినట్టు.

అప్పటిదాకా ఉన్న మందునే సరిగా వేసుకుందాం. సీసా బాగా ఊపండి. కింది రెప్ప లాగి ఒక్క చుక్క చాలు. కన్ను మూసి ముక్కు పక్క మూలను రెండు నిమిషాలు నొక్కి పట్టండి. రెండో మందుంటే ఐదు నిమిషాలు ఆగండి. ఆకు పసర్లు, చనుబాలు వద్దు. కన్ను ఎర్రబడిందని షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు అసలే తెచ్చుకోవద్దు, ఫంగస్ ఉంటే అవి ముదరబెడతాయి. చెట్టు గీరుకున్న కన్నయితే ఆ రోజే డాక్టరుకు చూపించండి.