రెండవ వరుస ఫిడేలు

డెన్మార్కు సంగీతకర్తలలో అగ్రగణ్యుడైన కార్ల్ నీల్సెన్, 1889 మొదలు 1905 వఱకు కోపెన్‌హాగెన్ రాజనాటకశాల వాద్యబృందమున రెండవ వరుస ఫిడేళ్లలో నొకడుగా కూర్చుండి, ఇతరుల రచనలను, ఇతరుల సైగల ననుసరించి వాయించుచు తన విద్యను పండించుకొనెను. కచేరీలలో పక్కవాద్యముగా ఫిడేలు పట్టి జీవితము గడపిన నాకు ఈ సంగతి తెలిసిననాడు ఆ మహనీయునియందు కలిగిన ఆత్మీయత ఇంతయని చెప్పరానిది. గాయకుని ఊపిరి యెచ్చట తెగునో, సంగతి యెచ్చట మలుపు తిరుగునో ముందుగనే పసిగట్టవలసినవానికి అలవడు వినికిడి, వేదిక నడుమ కూర్చున్నవానికి అంత సులభముగా అలవడదని నా దృఢవిశ్వాసము.

ఆయన 1865 జూన్ 9వ తేదీన, ఫ్యూన్ ద్వీపమున, ఓడెన్సే పట్టణమునకు దక్షిణముగానున్న నోరె లిండెల్సె గ్రామప్రాంతమున, పన్నెండుగురు సంతానములో ఏడవవాడుగా జన్మించెను. తండ్రి గోడలకు రంగులు వేయు కూలి; పెండ్లిండ్లకును జాతరలకును ఫిడేలు, కార్నెట్టు వాయించెడివాడు. ఇంటి వెనుక పేర్చిన కట్టెల మొద్దులను బాలుడు కొట్టి చూచి, పొట్టిమొద్దు హెచ్చుస్వరమును, పొడుగుమొద్దు తగ్గుస్వరమును పలుకుట గ్రహించెనట. తట్టు సోకి మంచము పట్టియున్న ఆఱేండ్ల కుఱ్ఱని చేతికి తల్లి చిన్న ఫిడేలు నందిచ్చెను. పదునాలుగవయేట ఓడెన్సేలోని సైనికవాద్యబృందమున చేరి బూరయు ట్రాంబోనును ఊదెను. 1884లో కోపెన్‌హాగెన్ సంగీతకళాశాలలో ప్రవేశించెను.

1894 మార్చి 14వ తేదీ రాత్రి ఆయన తొలి సింఫనీ ప్రదర్శింపబడినప్పుడు, యోహాన్ స్వెన్సెన్ బృందమును నడుపుచుండగా, రచయిత తన నిత్యస్థానమున ఫిడేలు వాయించుచునే యుండెను. కరతాళధ్వనులు చెలరేగగా ఆ వెనుకవరుసనుండియే లేచివచ్చి నమస్కరించెను. ఆ సింఫనీ ఒక ఆధారస్వరమున మొదలై వేఱొక ఆధారస్వరమున ముగియును. తంబురా శ్రుతిని ఆద్యంతము విడువని మా చెవులకు ఇది తొలుత దిక్కుతోచని ప్రయాణమువలె నుండును. ఒకటికి రెండుమార్లు విన్న పిమ్మట, చివరి షడ్జము కష్టించి ఆర్జించినదని బోధపడును.

ఆయన వాద్యములకు స్వభావములనే కాదు, సంకల్పములనుగూడ ప్రసాదించెను. ప్రథమ ప్రపంచయుద్ధకాలమున రచించిన నాలుగవ సింఫనీ చివర రెండు జతల టింపనీ భేరులు వేదికకు ఇరుపార్శ్వములనుండి పరస్పరము తలపడును. 1922 జనవరి 24న ఆయనయే నడిపించిన ఐదవ సింఫనీలో నంతకంటె ఆశ్చర్యమున్నది: బృందము విశాలమైన గంభీరగానమున మునిగియుండగా, చిన్నడోలు వాయించువాడు ఆ గానమును ఎట్లయినను భగ్నము చేయగోరినవానివలె మనోధర్మముతో వాయింపవలెనని రచయిత యాదేశము. తన రచనను చెఱచు స్వాతంత్ర్యమును ఒక వాద్యకారుని చేతికిచ్చిన ధైర్యము, బృందముమధ్య పదునాఱేండ్లు మెలగినవానికిగాక అన్యులకు చెల్లునా? డోలు తుదకు అణగును, గానము గెలుచును, కాని ఆ గెలుపునకు వెల యెంతయో విన్నవారికి తెలియును.

1921 శరత్కాలమున ఒక మిత్రునితో టెలిఫోనులో మాటలాడుచుండగా, ఆ యింట కొందఱు గాలివాద్యకారులు మోజార్టును సాధన చేయుచున్న ధ్వని వినబడి, ఆయన వినుటకై పోయెను. మఱుసటి సంవత్సరమున వారికై గాలివాద్యపంచకమును రచించెను. ఫ్లూటు, ఓబో, క్లారినెట్టు, హారన్, బసూన్ అను నైదింటిలో ఒక్కటియు తక్కినవానికి సేవకురాలు కాదు. చివరిభాగము ఆయన స్వయముగా కట్టిన భక్తిగీతపు వరుసపై అల్లిన వైవిధ్యములు. అందొక చోట తక్కినవన్నియు మానగా బసూన్ ఒంటరిగా ఆ వరుసను తనదైన పద్ధతిలో తర్కించును. ఎప్పుడును అడుగునుండి ఆసరా యిచ్చుటకే పుట్టినదని మనము తలచు ఆ వాద్యమునకు అంతటి ప్రతిష్ఠ లభించుట విని నేను పులకించితిని.

ఆ యైదుగురిలో ఒక్కొక్కనికై ఒక్కొక్క కాన్సర్టో వ్రాయవలెనని ఆయన తలపెట్టెను. ఫ్లూటుకు 1926లోను, క్లారినెట్టుకు 1928లోను వ్రాసెను. 1931 అక్టోబరు 3న గుండెజబ్బుతో మరణించుటచే తక్కిన మూడును వెలువడలేదు. బసూన్‌కు ఆయన యేమి వ్రాసియుండెడివాడో యను చింత నన్ను నేటికిని వీడదు.