ఒకే గాజులో రెండు వాల్వులు

ఒకప్పుడు శ్రీరామనవమి నాడు భద్రాచలం వెళ్లలేనివాళ్లకు రాములవారి కల్యాణం రేడియోలోనే. ఉషశ్రీ వ్యాఖ్యానం మొదలైతే ఖమ్మం బజారులోనైనా, గోదావరి ఒడ్డు పల్లెలోనైనా సెట్టు చుట్టూ జనం చేరేవారు. పాత సెట్లన్నీ వాల్వులవే. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. ఆ వాల్వుల విద్యలో నాకు ఎంతో ఇష్టమైన పని ఒకటుంది: ఒకే వాల్వులోని రెండు భాగాలను సమాంతరంగా కలపడం.

కరెంటు చేరని అడవి అంచు ఊళ్లకు అప్పట్లో బ్యాటరీ సెట్టే దిక్కు. అలాంటి సెట్లలో వాడిన డీఎల్96 వాల్వు ఫిలమెంటు రెండు ముక్కలుగా ఉంటుంది. వరుసగా కలిపితే 2.8 వోల్టులు, 25 మిల్లీఆంపియర్లు. సమాంతరంగా కలిపితే 1.4 వోల్టులు, 50 మిల్లీఆంపియర్లు. రెండో పద్ధతిలో ఫిలమెంటుకు ఒక్క డ్రై సెల్ చాలు.

యాంప్లిఫయరులో ఈ పనికి పేరున్నది ఈసీసీ83 వాల్వు. గాజు ఒక్కటే, లోపల ట్రయోడ్‌లు రెండు. 1, 6 పిన్నులు ప్లేట్లు. 2, 7 గ్రిడ్లు. 3, 8 కాథోడ్‌లు. జతలు కలిపితే ధ్వని రెట్టింపవుతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. కాదు. వాల్వు వర్ధన గుణకం 100 దగ్గరే ఉంటుంది. మారేది బలం: లోపలి నిరోధం సుమారు 62 కిలో ఓముల నుంచి 31కి దిగుతుంది, తర్వాతి దశను తడబడకుండా నడుపుతుంది. పైగా సంకేతం రెండు భాగాల్లోనూ ఒకేలా సాగి కూడుకుంటుంది, వాటి సొంత సడి మాత్రం దేని దారి దానిది. అందుకే 3 డెసిబెళ్ల మేర శబ్దం శుభ్రపడుతుంది. మైకు దశలో ఇది చిన్న లాభం కాదు.

దీనికి ఖర్చూ ఉంది. ఒక్కో భాగం గ్రిడ్ దగ్గర దాదాపు 100 పికోఫారడ్‌ల భారం చూపిస్తుంది. జత కలిస్తే 200. ముందున్న మూలం నిరోధం 100 కిలో ఓములైతే 8 కిలోహెర్ట్జ్ దగ్గరే పైస్థాయి సన్నగిల్లుతుంది. అందుకే నిరోధం ఎక్కువున్న మూలం తర్వాత నేను ఈ జోడీని పెట్టను. ట్రాన్స్‌ఫార్మరు ఉన్న మైకుకైతే నిశ్చింతగా పెడతాను.

పనితనమంతా కాథోడ్ దగ్గర తెలుస్తుంది. రెండింటికీ ఒకే రెసిస్టరు వేస్తే, జోడు కుదరని ఎద్దులను ఒకే కాడికి కట్టినట్టు, బరువు ఒకదాని మీద ఎక్కువగా పడవచ్చు. అందుకే మంచి మెకానిక్ దేనికది విడిగా 1.5 కిలో ఓముల రెసిస్టరు, కెపాసిటరు ఇస్తాడు. ఒక్కో గ్రిడ్ పిన్ను పక్కనే చిన్న రెసిస్టరు వేసి వాల్వు దానంతట అది కూతపెట్టకుండా ఆపుతాడు. ప్లేట్లు రెంటికీ కలిపి సుమారు 50 కిలో ఓముల లోడు.

సరఫరా 250 వోల్టులైతే కాథోడ్ రెసిస్టర్ల మీద మీటరు పెట్టి చూడండి. రెండింటి మీదా 1.3 వోల్టుల దరిదాపు ఉంటే వాల్వు మంచిది. ఒకటి బాగా తగ్గితే ఆ భాగం అలసిపోయినట్టే. ఇక ఆ వాల్వును ఒంటి భాగంతో చాలిన పనికి కేటాయించండి. సెట్టు ఆపేశాక కూడా కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజి మిగిలే ఉంటుంది, దాన్ని పోగొట్టాకే చెయ్యి పెట్టండి.