గోడకెక్కిన పొగబండి

ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురానికి ఎగువన, పుట్టాసింగి వైపు కొండల్లో లాంజియా సవర గిరిజనుల ఊళ్లున్నాయి. అక్కడి ఇళ్లలో చనిపోయినవాళ్ల కోసం గోడ మీద వేసే బొమ్మ ఇడితాల్. ఎర్రమట్టి పూసిన గోడ మీద, నూరిన బియ్యప్పిండితో, కొస నలగ్గొట్టిన పుల్లే కుంచెగా గీస్తారు. ముందు చుట్టూ చట్రం వేస్తారు. అది పెద్దల ఇల్లు. తర్వాత అంచు నుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. సూర్యచంద్రులు, నెమళ్లు, ఏనుగులు, డప్పు వాయించేవాళ్లు. కొన్ని గోడల మీద వాటి సరసనే సైకిలు, విమానం, రైలు!

రైలును చూడగానే పాత కళ చెడిపోయిందని పెదవి విరిచేవాళ్లున్నారు. వాళ్లు ఆ బొమ్మ పుట్టే తీరు చూడాలి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే కురాన్, అంటే పూజారి, పూనకంలో చనిపోయినవాళ్లతో మాట్లాడతాడు. వాళ్లు బొమ్మ కోరితే ఇట్టల్‌మరన్ వచ్చి వేస్తాడు. వేశాక కురాన్ మళ్లీ వాళ్లనే అడుగుతాడు: నచ్చిందా, ఇంకేమైనా కావాలా? కావాలంటే చేర్చాల్సిందే. పోయిన పెద్దలకు తిరగడానికి గుర్రం ఎలాగో రైలూ అలాగే. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ సవరల మతం మీద 1955లో అచ్చేసిన పుస్తకంలో ఇలాంటి బొమ్మలను వివరంగా నమోదు చేశాడు.

గీత మాత్రం మారదు. మహారాష్ట్ర గిరిజనుల వార్లీ బొమ్మల్లో మనిషి ఒంటి త్రికోణాలు పదునుగా కలుస్తాయి. సవరల గీతలో మనిషి సన్నగా, పొడుగ్గా సాగుతాడు. రైలుపెట్టె కూడా పెద్దల ఇల్లులాగే ఒక చట్రం, కింద గుండ్రటి చక్రాలు. లోపల కూర్చున్నవాళ్లకూ బయట ఆడేవాళ్లకూ ఒకటే ఒళ్లు.

ఈ కొండల కింద రైలు కొత్త వింత కాదు. పర్లాకిమిడి రాజా వేయించిన రెండున్నర అడుగుల గేజి లైను 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి నడిచింది, 1931 నాటికి గుణుపురం చేరింది. వంశధార పక్కన ఆ చిన్న బండి 2004 దాకా తిరిగింది. బ్రాడ్‌గేజి కోసం ఆపేస్తే, గుణుపురానికి మళ్లీ రైలు కూత వినపడింది 2011లో.

ఇప్పుడు చాలా సవర కుటుంబాలు క్రైస్తవంలోకి వెళ్లాయి. పూనకాలు తగ్గాయి, గోడ బొమ్మలూ తగ్గాయి. ఇడితాల్ కాన్వాసు మీదికి, టసర్ చీరల మీదికి వచ్చింది. కళాకారుడికి నాలుగు డబ్బులు రావడం మంచిదే. కానీ నచ్చిందా అని అడగాల్సిన ఘట్టం అక్కడ లేదు, కొనేవాడి ఇష్టమే చివరి మాట. ప్రదర్శనల్లో బొమ్మ కింద కళాకారుడి పేరు, రంగు రాస్తే చాలదు. పాత గోడ నుంచి తీసిన నకలైతే, అది ఏ ఇంట్లో, పోయిన ఎవరి కోసం, ఏ కష్టం వచ్చి వేసిందో తెలిసినంత మేరకు అదీ రాయాలి. ఆ రైలు అక్కడికి ఎందుకొచ్చిందో అప్పుడే చూసేవాళ్లకు అర్థమవుతుంది.